వెలుగు పైసలు ఏ దారిన వచ్చాయి?

పోస్టు కొంచెం పొడుగే. శుక్రవారం డ్యూటీ లేనప్పుడు తీరిగ్గా చదవండి.

"ప్రపంచ బ్యాంకు మన రాష్ట్రానికి ఇన్ని వేల కోట్లు ఇచ్చింది" అని వార్త వచ్చిన ప్రతిసారీ మన గ్రూపుల్లో రెండే రకాల మాటలు. ఒకాయన "మన నాయకుడి మొహం చూసి ఇచ్చారు" అంటాడు. ఇంకొకాయన "రాష్ట్రాన్ని తాకట్టు పెట్టారు" అంటాడు. 2024 డిసెంబరులో అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు దాదాపు 79 కోట్ల డాలర్లు ఆమోదించినప్పుడు కూడా ఇదే గోల. రూంలో అన్నం చల్లారిపోయింది గానీ వాదన చల్లారలేదు.

ఆ డబ్బు ఎవరు అడుగుతారు, ఎట్లా అడుగుతారు, ఏ చేతులు మారి ఊరికి చేరుతుంది, చివరికి ఎవరు తీరుస్తారు? ఇవి తెలియకుండా ఎంత అరుచుకున్నా లాభం లేదు. అందుకే ఒక్క అప్పు కథ తీసుకుని మొదటినుంచి రాస్తున్నాం. అమరావతి అప్పు కాదు. అంతకంటే పాతది, మన ఇళ్ళలోకే నేరుగా వచ్చినది. మన అమ్మలు, అక్కలు, భార్యలు కూర్చునే డ్వాక్రా సంఘాల వెనుక ఉన్న అప్పు. దాని పేరు వెలుగు.

సంఘాలు ప్రపంచ బ్యాంకు పెట్టినవి కావు

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. సంఘాలు ప్రపంచ బ్యాంకుతో పుట్టలేదు. డ్వాక్రా కార్యక్రమాన్ని కేంద్రం 1982లో మొదలుపెట్టింది. 10 నుంచి 15 మంది ఆడవాళ్ళు ఒక గ్రూపు. గ్రూపుకు 15,000 రూపాయల రివాల్వింగ్ ఫండ్. అందులో కేంద్రం 5,000, రాష్ట్రం 5,000, మిగిలిన 5,000 ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యునిసెఫ్ ఇచ్చేది. అంటే మన ఊరి ఆడవాళ్ళ కోసం బయటి దేశాల డబ్బు రావడం అప్పటికే మొదలైంది. కాకపోతే అది అప్పు కాదు, సాయం.

ఆ తర్వాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అక్షరదీపం తరగతుల్లో కూర్చున్నవాళ్ళే సారా కొట్టు మూయించారు. ఆ మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి దాచుకోండని పొదుపు ఉద్యమం నడిచింది. రోజుకు రూపాయి అంటే ఇప్పుడు మనకు నవ్వులాట. అప్పటి కూలి ఇంట్లో అది నవ్వులాట కాదు.

1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంటే యూఎన్‌డీపీ, దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కొన్ని మండలాలు తీసుకుంది. చిన్న సంఘాలను కలిపి ఊరి సమాఖ్య, ఊరి సమాఖ్యలను కలిపి మండల సమాఖ్య కట్టించింది. పెద్ద అప్పు అడగడానికి ఈ చిన్న ప్రయోగమే తర్వాత ఆధారమైంది. బయటి బ్యాంకు దగ్గరికి "మా దగ్గర పేదలున్నారు" అని చెప్పుకుంటూ పోతే సరిపోదు. పేదలు అన్నిచోట్లా ఉన్నారు. "ఈ పద్ధతి మా దగ్గర పని చేసింది, దీన్ని పెద్దది చేయడానికి డబ్బు కావాలి" అని చూపించాలి. అర్జీ బలం అక్కడుంటుంది.

రాష్ట్రం నేరుగా అడగలేదు

మనలో చాలామంది ముఖ్యమంత్రి వాషింగ్టన్ పోయి సంతకం పెట్టి డబ్బు తెస్తాడని అనుకుంటారు. అట్లా కుదరదు. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం దేశం లోపలే అప్పు చేయగలదు. బయటి అప్పు చేసేది భారత ప్రభుత్వం.

దారి ఇట్లా ఉంటుంది. రాష్ట్రంలో ఒక శాఖ ప్రాజెక్టు రిపోర్టు తయారు చేస్తుంది. అది ఢిల్లీలో ఆర్థిక మంత్రిత్వ శాఖ కింద ఉండే ఆర్థిక వ్యవహారాల విభాగానికి పోతుంది. వాళ్ళు వడపోసి, సరే అనుకున్నవి బ్యాంకుకు పంపుతారు. అప్పుడు బ్యాంకు మనుషులు జిల్లాలకు వస్తారు, కాగితాలు చూస్తారు, ఊళ్ళు తిరుగుతారు. ఎవరికి ఎంత, ఏ పనికి ఎంత, ఎవరు లెక్క చెప్పాలి అని రాసుకుంటారు. తర్వాత బేరం. కేంద్రం, రాష్ట్రం, బ్యాంకు ముగ్గురూ కూర్చుంటారు. ఆపైన బ్యాంకు డైరెక్టర్ల బోర్డు ఆమోదం. పేపర్లో మనకు కనిపించేది ఈ మెట్టే. దాని తర్వాత కూడా సంతకాలు, షరతులు ఉంటాయి. ఒక సంతకం కేంద్రానికీ బ్యాంకుకూ మధ్య, ఇంకొకటి రాష్ట్రానికీ బ్యాంకుకూ మధ్య. అవన్నీ పూర్తయ్యాకే పైసా కదులుతుంది. బోర్డు ఆమోదించిన రోజునే డబ్బు వచ్చేసినట్టు ఫ్లెక్సీలు కట్టడం చూస్తే, వీసా స్టాంపింగ్ కాకముందే ఊళ్ళో దావత్ చేసినట్టుంటుంది.

మన రాష్ట్రం ఆ రోజుల్లో దేశంలోనే ముందు వరుసలో నిలబడి అడిగింది. 1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టు పేరుతో 54 కోట్ల డాలర్ల పైన వచ్చింది. ఆరోగ్యం, బడులు, పోషకాహారం, రోడ్లు, కాలువలు అన్నీ అందులో ఉన్నాయి. 1999లో కరెంటు సంస్కరణలకు వేరే అప్పు వచ్చింది. దాని వెంట వచ్చిన సంస్కరణల దారిలోనే చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద ఊరేగింపు జరిగినప్పుడు పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఆ పేరు వినని తెలుగువాడు లేడు.

ఆ కాల్పులు జరిగిన సంవత్సరంలోనే, ఏప్రిల్‌లో, వెలుగు అప్పు ఆమోదం అయింది. ఒకే ప్రభుత్వం, ఒకే బ్యాంకు. ఒక చేత్తో కరెంటు బిల్లు పెరిగింది, ఇంకో చేత్తో పేద ఆడవాళ్ళ సంఘానికి డబ్బు వచ్చింది. "బ్యాంకు మంచిదా చెడ్డదా" అని ఒక్క మాటలో తేల్చమంటే మా వల్ల కాదు. ఏ అప్పు దేనికి, ఏ షరతుతో అని విడివిడిగా చూడాల్సిందే.

ఆరు జిల్లాలు, 11 కోట్ల 10 లక్షల డాలర్లు

వెలుగు మొదటి ప్రాజెక్టు అసలు పేరు జిల్లా పేదరిక నిర్మూలన ప్రాజెక్టు. శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్. ఈ ఆరు జిల్లాల పేర్లు ఒకసారి చదివి, మీ క్యాంపులో పక్క బెడ్ల వాళ్ళను లెక్కపెట్టండి. అప్పు 11 కోట్ల 10 లక్షల డాలర్లు. మన ఒమాన్ లెక్కలో 4 కోట్ల 27 లక్షల రియాళ్ళు. 2003లో రెండో ప్రాజెక్టు 15 కోట్ల డాలర్లతో మిగిలిన 16 జిల్లాలకు వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలు అందులో కలిశాయి. హైదరాబాద్ తప్ప రాష్ట్రమంతా అయిపోయింది.

దీన్ని నడపడానికి 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ పెట్టారు. మనం సెర్ప్ అంటాం. మామూలు శాఖ కాకుండా విడిగా సొసైటీ పెట్టింది ఎందుకంటే, డబ్బు ఖజానా ఫైళ్ళలో ఇరుక్కోకుండా సమాఖ్యల ఖాతాలకు పోవాలని. లంచం పూర్తిగా పోయిందని ఎవరూ చెప్పలేరు గానీ, ఆడవాళ్ళే తీర్మానం రాసి, ఆడవాళ్ళే చెక్కు మీద సంతకం పెట్టే పద్ధతి ఊళ్ళలోకి వచ్చింది ఇక్కడినుంచే.

డబ్బు ఎట్లా వాడారు? పెద్ద భాగం సామాజిక పెట్టుబడి నిధి. ఊరి సమాఖ్య ప్లాన్ రాసుకుంటే దానికి డబ్బు: గేదెలు, మేకలు, భూమి బాగుచేయడం, చిన్న దుకాణం. ఇంకో భాగం బడి మానేసిన పిల్లలకు, ముఖ్యంగా పనికి పోయే ఆడపిల్లలకు. సమాఖ్యలు బియ్యం టోకున కొని సంఘ సభ్యులకు అప్పుగా ఇచ్చేవి. 2004 తర్వాత ప్రభుత్వం మారింది, వెలుగు పేరు ఇందిరా క్రాంతి పథం అయింది. ఈ రోజుకీ వడ్లు అమ్మడానికి పోయే చోటును మన ఊళ్ళో "ఐకేపీ సెంటర్" అంటున్నారంటే ఆ పేరు వల్లే. పావలా వడ్డీ కూడా అప్పుడే. అది మాత్రం ప్రపంచ బ్యాంకు డబ్బు కాదు, రాష్ట్ర ఖజానా డబ్బు.

అన్నిటికంటే పెద్ద మార్పు బ్యాంకు లింకేజీ. ప్రాజెక్టు డబ్బు విత్తనం లాంటిది. సంఘం లెక్కలు సరిగ్గా ఉంటే మామూలు బ్యాంకులే సంఘానికి అప్పు ఇవ్వడం మొదలుపెట్టాయి. చివరికి ఆ బ్యాంకు అప్పులు ప్రాజెక్టు డబ్బుకు ఎన్నో రెట్లు అయ్యాయి.

అప్పు ఎవరు తీరుస్తారు

ఈ అప్పు ఇచ్చింది ప్రపంచ బ్యాంకులో పేద దేశాలకు ఇచ్చే విభాగం, ఐడీఏ. షరతులు తేలిక. 35 ఏళ్ళ గడువు, మొదటి 10 ఏళ్ళు అసలు కట్టక్కర్లేదు, ఏడాదికి ముప్పావు శాతం సేవా రుసుము. అంటే 2000లో తీసుకున్నదానికి రాసుకున్న గడువు 2035 దాకా పోతుంది. అప్పటి గ్రూపు లీడర్ల మనవళ్ళ కాలం.

కానీ రాష్ట్రానికి అదే రేటుకు అందలేదు. అప్పట్లో కేంద్రం బయట తెచ్చిన డబ్బును రాష్ట్రాలకు 30 శాతం గ్రాంటు, 70 శాతం అప్పు కింద ఇచ్చేది. ఆ అప్పు భాగానికి కేంద్రం వేసే వడ్డీ 2000 ప్రాంతంలో పది శాతం పైనే. డాలరు రేటు పెరిగితే ఆ నష్టం మాత్రం కేంద్రం భరించేది. 12వ ఆర్థిక సంఘం చెప్పాక 2005 ఏప్రిల్ నుంచి పద్ధతి మారింది. కేంద్రం ఏ షరతుకు తెస్తే అదే షరతుకు రాష్ట్రానికి. వడ్డీ తగ్గింది, డాలరు భారం రాష్ట్రం నెత్తిన పడింది. ఎక్స్‌చేంజ్ దగ్గర నిలబడి రియాల్ రేటు చూసే మనకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. రూపాయి పడిపోతే మన ఇంటికి పంపేది పెరుగుతుంది, మన రాష్ట్రం కట్టే వాయిదా కూడా పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. చాలా ప్రాజెక్టుల్లో డబ్బు ముందు రాదు. రాష్ట్రం ముందు తన ఖజానాలోంచి ఖర్చు పెడుతుంది. బిల్లులు, లెక్కలు ఢిల్లీలో ఉండే సహాయ ఖాతాల నియంత్రణ కార్యాలయం ద్వారా బ్యాంకుకు పోతాయి. ఆమోదించిన ఖర్చు మేరకే డబ్బు తిరిగి వస్తుంది. లెక్క చూపకపోతే రాదు. ప్రాజెక్టు నత్తనడక నడిచిందంటే, ఖర్చు పెట్టడమో లెక్క చూపడమో ఆగిందని అర్థం.

ఆ కాగితాల్లో మనం లేం

ఇప్పుడు మన సంగతి. వెలుగు పేద కుటుంబాన్ని ఊళ్ళో ఉండే కుటుంబంగానే చూసింది. అమ్మ సంఘంలో, నాన్న పొలంలో, గేదె కొట్టంలో. కానీ అదే సంవత్సరాల్లో ఆ ఇళ్ళ మగవాళ్ళు, గోదావరి, కడప జిల్లాల నుంచి ఆడవాళ్ళు కూడా, గల్ఫ్‌కు బయలుదేరారు. సంఘం పుస్తకంలో "పాడి గేదె" అని రాసి తీసిన లోను ఏజెంటు చేతికి పోయిన ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో మనకే తెలుసు. ఆ లోను వాయిదాలు రువి నుంచో, బర్కా నుంచో, సోహార్ నుంచో పోయిన రియాళ్ళతోనే తీరాయి. సంఘాలు బాగా తిరిగి కడుతున్నాయని రిపోర్టుల్లో పొగిడారు. ఆ కట్టిన చేతుల్లో మన చేతులున్నాయని ఏ రిపోర్టూ గట్టిగా చెప్పలేదు.

మన ఆడవాళ్ళ ఈ వాయిదా క్రమశిక్షణను ఇంకొకరు కూడా చూశారు. వారం వారం వసూలు చేసే సూక్ష్మరుణ కంపెనీలు అదే గ్రూపుల్లోకి దిగాయి. ఒక ఇంటికి రెండు మూడు అప్పులు. ఒత్తిళ్ళు, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది. పేదలకు అప్పు దొరకడం మేలే. అప్పు మీద అప్పు దొరకడం మాత్రం ఉరి.

అయినా మన సంఘాల నమూనాను దేశం తీసుకుంది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది, దానికి ప్రపంచ బ్యాంకు 100 కోట్ల డాలర్లు ఆమోదించింది. మన అమ్మలు చెట్టుకింద కూర్చుని నేర్చుకున్నది బీహార్ దాకా పోయింది. ఇది గర్వంగా చెప్పుకోవచ్చు.

మనం ఉంటున్న దేశం కూడా చేయి చాపింది

ఒమాన్ అంటే నూనె దేశం, వీళ్ళకేం అనుకుంటాం. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దె ఎక్కేనాటికి ఇక్కడ మూడే బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు. 1971లో ఐక్యరాజ్యసమితిలోనూ, ప్రపంచ బ్యాంకులోనూ చేరింది. యునిసెఫ్ లాంటి సంస్థల తోడు తీసుకుంది, అప్పులూ తీసుకుంది. 2010లో యూఎన్‌డీపీ మానవాభివృద్ధి నివేదిక, 1970 నుంచి లెక్కిస్తే అందరికంటే ఎక్కువ ముందుకు పోయిన దేశం ఒమానే అని రాసింది. ఆ రోడ్లు పోసిన చేతులు, ఆ ఆసుపత్రుల్లో పనిచేసిన నర్సులు ఎక్కడివారో మనకు తెలుసు.

2011లో సోహార్‌లో నిరసనలు లేచినప్పుడు గల్ఫ్ సహకార మండలి దేశాలు ఒమాన్‌కు పదేళ్ళలో 1,000 కోట్ల డాలర్లు, బహ్రెయిన్‌కు అంతే ఇస్తామని ప్రకటించాయి. ఇళ్ళకు, రోడ్లకు, ఉద్యోగాలకు. చుట్టాల సాయం అన్నమాట. నూనె ధర పడ్డాక 2021లో 5 శాతం వ్యాట్ వచ్చింది. అది మనమూ కడుతున్నాం.

2023లో 52/2023 రాజ శాసనంతో సామాజిక రక్షణ చట్టం వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ దీనికి సలహా సాయం చేశాయి. ఇక్కడ బయటినుంచి తీసుకున్నది డబ్బు కంటే తెలివి. ఒమానీ పిల్లలకు నెలకు 10 రియాళ్ళు, 60 దాటిన పెద్దలకు 115 రియాళ్ళు. మన కోసం కూడా ఒక ముక్క ఉంది. గ్రాట్యుటీ స్థానంలో యజమాని ప్రతి నెలా బేసిక్‌లో 9 శాతం పొదుపు ఖాతాలో కట్టే పద్ధతి. ఇది దశలవారీగా రావాల్సినది. అది అమలయ్యే దాకా, కొత్త కార్మిక చట్టం 53/2023 ప్రకారం పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల బేసిక్ గ్రాట్యుటీ. ఇంతకుముందు మొదటి మూడేళ్ళకు 15 రోజుల లెక్క ఉండేది. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద వేలిముద్ర వేసేముందు ఈ లెక్క చూసుకోండి.

మన పేరు మీద ఉన్న నిధి

వేరే దేశంలో కష్టంలో పడ్డ భారతీయుల కోసం మన ప్రభుత్వం 2009లో భారతీయ సమాజ సంక్షేమ నిధి పెట్టింది. ఇది ఎంబసీల్లో ఉంటుంది. డబ్బు ఎక్కడిది? పాస్‌పోర్టు, అటెస్టేషన్ లాంటి కాన్సులర్ సేవలకు మనం కట్టే రుసుం మీద వేసే చిన్న మొత్తం. ఎవరూ దానం చేసింది కాదు, మన జేబుల్లోదే. దిక్కులేనివాళ్ళకు తిండీ వసతీ, తిరుగు టికెట్, అత్యవసర వైద్యం, లాయరు సాయం, శవాన్ని ఊరికి పంపడం, ఇవన్నీ దీని కింద చేయొచ్చు. అడిగినవాడి స్థితిగతులు చూసి ఇస్తారు. అందుకే అడిగేటప్పుడు బతాకా కాపీ, పాస్‌పోర్టు కాపీ, జీతం ఆగిన రుజువు, కంపెనీకి రాసిన కాగితం జతపెట్టి, రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో ఏడిస్తే ఫైలు పుట్టదు. ప్రాజెక్టు రిపోర్టు లేకుండా రాష్ట్రానికి డాలరు రానట్టే, కాగితం లేకుండా మనకు టికెట్ రాదు.

ఇకమీదట ఏం అడగాలి

2023-24లో ప్రవాసులు ఇండియాకు పంపిన డబ్బు సుమారు 11,870 కోట్ల డాలర్లని రిజర్వ్ బ్యాంకు లెక్క. అందులో ఒమాన్ వాటా 2.5 శాతం. అంటే ఈ చిన్న దేశం నుంచి ఒక్క ఏడాదిలో దాదాపు 300 కోట్ల డాలర్లు. వెలుగు రెండు అప్పులూ కలిపితే 26 కోట్ల చిల్లర. కాలం వేరు, డాలరు విలువ వేరు, ఆ 300 కోట్లు ఒక్క తెలుగువాళ్ళవే కావు, నిజమే. అయినా ఎవరి చేతుల మీదుగా ఎంత విదేశీ డబ్బు దేశంలోకి పోతుందో ఈ రెండు అంకెలూ చెబుతాయి.

కాబట్టి ఈసారి "ఇన్ని వేల కోట్లు" అని వార్త వస్తే మొహం చూసి ఇచ్చారా, తాకట్టు పెట్టారా అని కొట్టుకోకుండా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఇది గ్రాంటా, అప్పా? వడ్డీ, గడువు ఎంత, డాలరు భారం ఎవరిది? ఏ షరతు మీద ఇస్తున్నారు? వలస కుటుంబానికి ఇందులో చోటుందా?

నాలుగో ప్రశ్న మనం తప్ప ఎవరూ అడగరు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తామంది. మంచిదే. కానీ అది చచ్చాక వచ్చేది. బతికుండగా తిరిగొచ్చిన వాడికి సంఘం ద్వారా పెట్టుబడి, వెళ్ళేవాడికి ఏజెంటు వడ్డీ నుంచి తప్పించే చిన్న రుణం, ఇక్కడ జీతం ఆగిన నెలల్లో అక్కడ ఇంటి వాయిదాకు గడువు. వచ్చే గ్రామీణ ప్రాజెక్టు కాగితంలో ఈ మూడు రాయించాలి. ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు పత్రాలు ఆమోదం కాగానే దాని వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తాయి. ఇంగ్లీషులో ఉంటాయి, మీ పిల్లల్లో డిగ్రీ చదివేవాళ్ళతో చదివించండి. కేంద్ర ప్రభుత్వాన్ని సమాచార హక్కు కింద ఇక్కడినుంచే ఆన్‌లైన్లో అడగవచ్చు.

సంఘంలో ఉన్న మీ ఇంటి ఆడవాళ్ళకు ఈ పోస్టు చదివి వినిపించండి. ఊరి సమాఖ్య మీటింగులో వలస కుటుంబాల లెక్క తీయమని వాళ్ళతో తీర్మానం రాయించండి. మీ మండలంలో సంఘం లోను ఎట్లా వాడారో, వీసాకు ఎంత పోయిందో, తీరడానికి ఎన్నేళ్ళు పట్టిందో కింద కామెంట్లో రాయండి. పేర్లు, ఫోన్ నెంబర్లు వద్దు. జిల్లా, మండలం, సంవత్సరం, అంకె చాలు. వంద ఇళ్ళ లెక్క కూడితే, అది మనం పెట్టే మొదటి ప్రాజెక్టు రిపోర్టు అవుతుంది.